ఎవరి జాగల వాళ్లు

దేవరుప్పుల పక్క ఊరి బడిలో సైన్స్ ప్రదర్శన. ‘సర్పంచ్’ అని కాగితం అంటించిన కుర్చీలో పురుషోత్తం కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. టీచర్ కోడిపిల్ల పిండం బొమ్మ చూపించింది.

“ఒళ్లు కట్టే జన్యువులు వరుసగా కూసుంటయి సార్. ముందటివి మెడకాడ, ఎనుకటివి తోకకాడ పనిచేస్తయి. ఒకదాన్ని తీస్కపోయి ఇంకోదాని జాగల పెడితే, జన్యువు మారదు గని, కొత్త జాగ హుకుం వింటది. మెడకాడ గూడ పక్కటెముకలు మొలుస్తయి.”

“జాగ మారితేనే గంత ఆగమా?” పురుషోత్తం పకపకా నవ్వాడు. “మాకు గా పరేషాన్ లేదు టీచరమ్మా. మా ఊర్ల ఎవరి జాగల వాళ్లున్నరు.”

టీచర్ బడికి ల్యాబు గది కావాలన్న తీర్మానం ఆయన ముందు పెట్టింది. “సర్పంచ్ సంతకం కావాలె సార్.”

పురుషోత్తం కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, వెనక్కి తిరిగి పెళ్లాన్ని కేకేశాడు.

“ప్రమీలా, చాయ్ పోసుడు ఆపి జర ఇటొచ్చి సంతకం పెట్టిపో.”

ఊరు ఓట్లేసి గెలిపించిన సర్పంచ్ తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. కుర్చీ ఖాళీ లేదు. నిలబడే సంతకం పెట్టింది.