తలెత్తవే, గిజ్లాన్

“తలెత్తవే! ఏదో ఒకరోజు ఆ మెడ విరిగి ఒళ్ళో పడుతుంది,” అంది యమ్నా.

గిజ్లాన్ ఎత్తలేదు. పదమూడేళ్ళ పిల్ల. గోడకు జారగిలబడి, గడ్డం ఛాతీకి ఆనించి కూర్చుంది. ఎడమ చేతిలో ఫోను, కుడి చేతిలో కుస్‌కుస్ ముద్ద. ఆ ముద్ద నోట్లోకి పోతోందో ముక్కులోకి పోతోందో దానికే తెలియదు.

యమ్నా అప్పుడే పని నుంచి వచ్చింది. స్ట్రాబెర్రీ తోటలో పొద్దంతా వంగి పళ్ళు కోసే పని. చిన్నపిల్లలున్న తల్లులకే అక్కడ పని ఇస్తారు. తల్లులైతే నోరు మూసుకుని పని చేస్తారనీ, ఎటూ పారిపోరనీ యజమానుల తెలివి. వేళ్ళకు అంటిన ఎరుపు ఇంకా కడుక్కోలేదు. నడుము మంచానికి ఆనించగానే ప్రాణం లేచొచ్చినట్టయింది. అంతలోనే ఈ వంగిన మెడ కంటపడింది. ప్రాణం మళ్ళీ ఉసూరుమంది.

మెడనొప్పి, తలనొప్పి అని పిల్ల ఏడిస్తే కిందటి వారం అమ్మమ్మే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. యమ్నాకు పని మానే వీల్లేకపోయింది. “ముసలిదాని మెడలా ఉంది. ఫోను మానకపోతే గూని ఖాయం,” అన్నాడట డాక్టరు. ఆ మాట విన్నప్పటి నుంచి యమ్నాకు తిండి సహించడం లేదు.

“అమ్మా, నువ్వైనా చెప్పవేం?” అంది తల్లి తామూతో.

“నా మాట వింటుందా? పిలిస్తే ఊఁ అనదు. వీధిలో పిల్లలు తాడాటకు పిలిచి పిలిచి మానేశారు. పడుకునేటప్పుడు కూడా ఆ డబ్బా దిండు పక్కనే ఉండాలి. నీ కూతురు, నీ ఇష్టం,” అంది ముసలావిడ, పుదీనా టీ గ్లాసుల్లోకి వంచుతూ.

“ఏముందే అందులో అంతగా? చూసిందే చూడటం!”

“నాక్కావాల్సింది ఉంది.”

“కాస్త ఎత్తులో పెట్టుకుని చూడొచ్చుగా?”

“తెర పగిలింది. దూరం పెడితే ఏమీ ఆనదు.” గిజ్లాన్ ముద్ద మింగి ఎదురు తిరిగింది. “నన్నంటావు గానీ, నీ నడుము మాత్రం నిటారుగా ఉందా?”

నడుము నొక్కుకుంటున్న యమ్నా చప్పున చెయ్యి తీసేసింది. “నాది కూలి నడుము. వంగితేనే తిండి. నీకేం ఖర్మే?”

పిల్ల పెదవి వణికింది. చెంప మీదుగా ఒక చుక్క జారి గడ్డం దాకా వచ్చింది. తుడుద్దామని యమ్నా చెయ్యి చాచబోయి, మళ్ళీ వెనక్కి తీసుకుంది. ఆ ఏడుపుకి కరిగిపోతే పిల్ల జన్మంతా గూనితో ఉండాల్సిందే. గుండె రాయి చేసుకుంది.

“విను. ఇకనుంచి ఫోను అమ్మమ్మ పెట్టెలో ఉంటుంది. శుక్రవారం ఒక్క పూట. అంతే.”

“ఒక్క పూటా? మిగతా రోజులు నేనేం చెయ్యను?”

“వీధిలోకి పో. తాడాట ఆడు. అమ్మమ్మతో పోట్లాడు. ఎన్నాళ్ళైందే నువ్వు ఆకాశం చూసి?”

గిజ్లాన్ ముంజేత్తో ముక్కు తుడుచుకుంది. “నీకేం అనిపించదా?”

“నీ మెడ బాగుపడితే నాకింకేం వద్దు,” అంది యమ్నా. అది పచ్చి అబద్ధం. అయినా కసిరినట్టే అంది. “ఊఁ, చూస్తావేం? ఇప్పుడే ఆపు. తలెత్తు ముందు!”

గిజ్లాన్ మెల్లగా తలెత్తి, వీపు నిటారుగా నిలిపి, చూడకుండానే బొటనవేలితో ఎర్ర గుర్తు నొక్కింది. సముద్రానికి అవతల స్పెయిన్‌లో, స్ట్రాబెర్రీ తోట పక్కన రేకుల గదిలో, యమ్నా చేతిలోని ఫోను తెర మీంచి కూతురి ముఖం మాయమైంది.