రాజావారు ఎక్కిన కారు

ఢిల్లీ వసంత్ కుంజ్‌లో పట్టాభిగారు తమ కారు 1938 నాటిదనీ, ఒక రాజావారు ఎక్కి తిరిగిందనీ కనపడినవాళ్లకల్లా చెప్పేవారు. ఎవరూ నమ్మలేదు. పంతం పట్టి, ఛాసిస్ నంబరు పంపించి, దాని పుట్టుక తేల్చమని కంపెనీకి రాశారు.

"జవాబు నాకొస్తే నేనే రాసుకున్నానంటారు సరోజా! అందుకే నేరుగా ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకే పంపమన్నా."

"ముందు మనం చూసుకోవాల్సిందండీ," అంది భార్య.

నెల తిరక్కుండా ఆఫీసువాళ్లొచ్చారు. పట్టాభిగారు కారుకు బంతిపూల దండ వేసి ఎదురెళ్లారు.

"అంకుల్, పైన బాడీ పాతదే. కింద ఛాసిస్ 1988ది. యాభై ఏళ్లు దాటుంటే వింటేజ్ అని వదిలేసేవాళ్లం. ఢిల్లీలో పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండి తిరక్కూడదు. ఇది తుక్కుకే," అన్నాడు ఆఫీసరు, కంపెనీ జవాబు చూపిస్తూ.

క్రేన్ మనిషి దండ తియ్యబోయాడు.

"రహ్‌నే దో భయ్యా," అంది సరోజ. "అంతిమయాత్రకి దండ ఉండాలిగా!"