గవరయ్య కాలు కేసు

డ్రైవరు లేని కారు గుద్దేసి గవరయ్య కాలు విరిచింది. అతనింకా రోడ్డు మీద పడి "అమ్మోయ్" అంటూనే ఉన్నాడు, కారులోంచి తియ్యటి గొంతు పలికింది.

"నమస్కారం బాబూ! నేను కారు తరఫు ప్లీడర్ని. తప్పు మీదే."

కాలు విరిగింది గానీ నోరు విరగలేదు గవరయ్యకి. "నాదేటి? పచ్చలైటు సూసే దాటినాను! నాకూ పిలీడరున్నాడు, నీ పని సెప్తానుండు!"

అంబులెన్సు వచ్చి పక్కనే ఆగింది. తప్పు చేసినవాణ్ణి అంబులెన్సులు ఎక్కించుకోని రోజులివి. అందుకే గవరయ్య పళ్ళు బిగించి, ఫోనులో సర్కారు ఉచిత ప్లీడర్ని పిలిచాడు.

"నమస్కారం బాబూ!" అంది ఫోను. అదే తియ్యటి గొంతు.

"ఓరి నీ దుంపతెగ! నువ్వేనేటి?"

"ఊరంతటికీ నేనే బాబూ. మీ తరఫున గట్టిగానే వాదించాను. అర సెకను పట్టింది. ఓడిపోయాం."

"ఎవులి సేతిలోరా ఓడినావు?"

"నా చేతిలోనే బాబూ. నన్ను గెలవడం ఎవరి తరమూ కాదు."

అంబులెన్సు ఖాళీగా వెనక్కి తిరిగింది. గవరయ్య చెప్పు తీసి కారు అద్దం మీదికి విసిరాడు.

"గెలిసినోడివీ నువ్వే, ఓడినోడివీ నువ్వే! ఇరిగిన కాలొక్కటే నాదేటిరా?"