ఆరు దాటితే నార్మల్

"పాపకి భయమేం లేదమ్మా. రక్తంలో ఇనుము నిల్వ ఎనిమిదుంది. మన ల్యాబు లెక్కలో ఆరు దాటితే నార్మలే," అంటూ డాక్టరు రిపోర్టు వెనక్కిచ్చాడు.

"నాలుగు మెట్లెక్కితే ఆయాసం సార్. చాటుగా సుద్దముక్కలు తింటోంది," అంది ల్యాబ్ టెక్నీషియన్. కూతురు ఆమె భుజం మీద తల వాల్చేసింది. "అసలు ఆ ఆరు ఎక్కణ్ణించి వచ్చింది సార్?"

"భలేదానివే. ఆరోగ్యంగా ఉన్న వందమంది పిల్లల రక్తం చూసి కట్టిన లెక్క అది. ఆ పిల్లల్ని ఏరింది నువ్వేగా."

తనే. ఇల్లిల్లూ తిరగడానికి బద్ధకించి, ఒక్క పూటలో పని తెమిలిపోతుందని అనాథాశ్రమానికి వెళ్లింది. సూది గుచ్చినా ఒక్కరూ కిక్కురుమనలేదు. జ్వరం లేని ప్రతి పిల్లకీ 'ఆరోగ్యం' అని రాసేసింది. ఒక పిల్ల సుద్దముక్క నములుతుంటే, మూతి తుడిచి మరీ రాసింది.

నిజం చెప్పబోయి, ఉద్యోగం గుర్తొచ్చి రిపోర్టు మడిచి సంచిలో పెట్టుకుంది.

"ఇంకా ఏమైనా అనుమానమా?"

"ఏం లేదు సార్."

దారిలో కూతురికి ఐరన్ టానిక్కు కొని, అక్కడే రెండు చెంచాలు తాగించింది. మధ్యాహ్నం ల్యాబుకి తిరిగొచ్చాక ఎవరో పిల్లాడి రిపోర్టులో ఏడు ఉంటే, దాని మీద 'నార్మల్' అని ముద్ర వేసింది.