అంచు నలుపు

“గైడు కొనేటప్పుడు లోపల కాదన్నా, అంచు చూడాల,” అంది రాసాత్తి. చూలైలో పాత పుస్తకాల కొట్టు ఆమెది. “చేతులు పడి కొస దాకా నల్లబడుంటే, చదివినోడు పాసైనట్టే.”

పుస్తకాలు ఎలా ఎంచుకోవాలో అప్పటిదాకా మా అమ్మాయి షాలినికి ఉపన్యాసం ఇస్తున్న నేను మెల్లగా అంచులు చూడడం మొదలుపెట్టాను. తనకి నర్సింగ్ పుస్తకం దొరికింది. ఇక నాకు ప్రమోషన్ పరీక్ష గైడు కావాలి. రాయడం ఇది నాలుగోసారి.

రాసాత్తి ఒకటి తీసి, అంచు చూసి పక్కన పెట్టింది. “ఇది వద్దు. మొదట్లో నలుపు, ఆపైన అంతా తెలుపే. ఎవడో మూడు పాఠాలకే పారిపోయినాడు.”

“సోమరిపోతు,” అన్నాను, దాన్ని చేతిలోకి తీసుకుంటూ. “ఇట్లాంటోళ్లకి పరీక్షలెందుకో.”

అట్ట తిప్పాను. మొదటి పేజీలో నా సంతకం ఉంది. పోయిన సంవత్సరం ఫలితాలు వచ్చిన రోజు, కోపంతో పాత పేపర్లలో కలిపి అమ్మేసిన గైడు అది.

పక్కనుంచి షాలిని కూడా చూసింది.

“ఇదే ఇవ్వమ్మా,” అన్నాను, మిగిలిన పరువు కాపాడుకుంటూ. “మూడు పాఠాలు ఎట్లాగూ అయిపోయినాయి. నాలుగో దాన్నించి చదువుకుంటా.”

షాలిని పుస్తకం తీసుకుని, ఆ నల్లటి అంచు వాసన చూసింది.

“అవి కూడా కాలేదు నైనా,” అంది మెల్లగా. “దీన్ని తలకింద పెట్టుకోని నిద్రపోతా ఉంటివే. ఇది కొబ్బరినూనె.”