ఈ టైలు ఇక్కడిదే

మూడో రోజు కూడా బెలార్మినో టైల్స్ బోర్లించి చూస్తూ ఒడెట్ కంటబడ్డాడు.

“పెద్దాయనా, బొమ్మ ముందువైపు ఉంటుంది. వెనకేం చూస్తారు?”

అతనితోపాటు నేర్చుకోవడానికి వచ్చిన పదిమందీ నవ్వారు. ముసలాయనా నవ్వాడు.

“వెనక అక్షరం, అంకె ఉంటాయి టీచరమ్మా. దేని పక్కన ఏది రావాలో పాతవాళ్లు రాసిపెట్టేవారు. ఆ వరసలో పేరిస్తే బొమ్మ లేచి నిలబడుతుంది.”

“మనకి వరస వద్దని మొదటిరోజే చెప్పానా లేదా?”

చెప్పింది. ఒకసారి కాదు, ముప్ఫైసార్లు చెప్పింది.

ఇళ్లకూ హోటళ్లకూ లోపలి అందాలు దిద్దడం ఒడెట్ పని. ఏడాదిలో ఆరు నెలలు పరాయి ఊళ్ల హోటళ్లలో దిగుతుంది. మంచం సంగతి తర్వాత, ముందు గోడలు చూస్తుంది. పలెర్మోలో ఒక హోటల్లో పాత టైల్స్ చిందరవందరగా అతికించిన గోడ చూసి ఆమెకు మతిపోయింది. ఎవొరా ఊళ్లో సన్యాసినుల పాత మఠాన్ని హోటలుగా మారుస్తూ తనని పిలిచేసరికి, ముఖద్వారం పక్క గోడని అచ్చం అలాగే చేస్తానంది. పైగా చేతిపని నేర్పే శిక్షణ అని పేరు పెట్టి, వచ్చినవాళ్లచేతే ఆ గోడ చేయిస్తోంది. ఒక దెబ్బకు రెండు పిట్టలు.

టైల్స్ ఆమెకి లిస్బన్ సంతలో దొరికాయి. మూడు పెట్టెలు, అన్నీ నీలిరంగువే.

“ఇది మనిషంత బొమ్మ టీచరమ్మా,” అన్నాడు బెలార్మినో. “పూర్వం మెట్ల దగ్గర ఉండేవాడు. టోపీ తీసి, వంగి, రండి రండి అని వచ్చినవాళ్లని పిలిచేవాడు. ఇప్పుడు చూడండి, కాళ్లు పైన, తల కింద.”

“అదే అందం తాతా!” అన్నాడు తెల్మో. సముద్రం ఒడ్డున నాలుగు గదుల బస నడుపుతాడు. ఆ గదులకి ఏదో కొత్తదనం తేవాలని వచ్చాడు. “నీ టోపీవాడు పిలిస్తే ఈ రోజుల్లో ఎవడొస్తాడు?”

మళ్లీ నవ్వులు. ఈసారి బెలార్మినో నవ్వలేదు.

మధ్యాహ్నం అందరూ భోజనాలకి కదిలారు. కళ్లజోడు మరిచిపోయిన ఒడెట్ గుమ్మందాకా వెళ్లి వెనక్కి వచ్చింది.

పెట్టెల దగ్గర బెలార్మినో ఒక్కడే ఉన్నాడు. ఒళ్లో సంచి తెరిచి ఉంది. చేతిలో, గుడ్డలో సగం చుట్టిన టైలు.

“ఏం చేస్తున్నారు?”

ఆమె కేకకి వెళ్లినవాళ్లంతా తిరిగొచ్చారు.

“ఆ టైలు ఎక్కడిది?”

బెలార్మినో చెప్పబోయాడు. ఆమె వంక చూశాడు. ఆమె వెనక నిలబడ్డ పదిమంది వంక చూశాడు. తెరిచిన నోరు మూసేశాడు.

“ఇక్కడిదే టీచరమ్మా,” అన్నాడు.

“విన్నారా? తన నోటితోనే ఒప్పుకున్నాడు! మూడ్రోజులుగా ఏదో వరస వరస అంటుంటే చాదస్తం అనుకున్నాను. మంచివి ఏరుకుంటున్నాడన్నమాట!”

“కాటికి కాళ్లు చాపుకున్న వయసులో దొంగబుద్ధేంటి తాతా?” అన్నాడు తెల్మో.

ఒడెట్ టైలు లాక్కుంది. దానిమీద చాచిన అరచెయ్యి బొమ్మ ఉంది.

“రేపట్నుంచి రావద్దు.”

“రానమ్మా. ఒక్కటే మాట. దాన్ని మాత్రం కొయ్యకండి.”

గుడ్డని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుని, టోపీ తీసి అందరికీ తల వంచి వెళ్లిపోయాడు.

తిండి తిని వచ్చి మిగతా గోడ అతికించాక మూలన చిన్న సందు మిగిలింది. సగం టైలు పడుతుంది.

“ఇది కొయ్యనా మేడమ్?” తెల్మో ఆ అరచేతినే పైకెత్తి చూపించాడు.

“కొయ్యి,” అంది ఒడెట్. కోపం ఇంకా దిగలేదు.

సాయంత్రం అందరూ వెళ్లాక హోటలు యజమానురాలు జుల్మీరా వచ్చింది.

“బెలార్మినో గారేరీ?”

“పంపించేశాను. దొంగ. టైలుతో పట్టుబడ్డాడు.”

జుల్మీరా ఖాళీ పెట్టె మీద కూలబడింది.

“అది ఆయన ఇంటినుంచి తెచ్చింది ఒడెట్.”

“అదేంటి? ఇక్కడిదే అన్నాడే!”

“ఈ మూడు పెట్టెలూ ఆయన ఇంటి మెట్ల దగ్గర గోడవి. నిరుడు ఆయన ఆసుపత్రిలో ఉంటే దొంగలు ఊడబెరుక్కుపోయారు. ఆ ఒక్కటే మిగిలింది. పేపర్లో మన పెట్టెల ఫోటో చూసి ఫోన్ చేశాడు.”

ఒడెట్ గోడ మూల వైపు చూసింది. అరచేతిలో బొటనవేలూ మరో వేలూ మిగిలాయి.

“పోలీసులకి చెప్పుకోవచ్చుగా!”

“నేనూ అదే అన్నాను. ‘మా గుమ్మం ఇప్పుడు తొక్కేవాళ్లెవరమ్మా, హోటలుకైతే రోజూ మనుషులొస్తారు, వాడు అక్కడే నిలబడి పిలుస్తాడు, మిగిలిన చెయ్యి కూడా ఇచ్చేస్తా’ అన్నాడు. వరసలో పెట్టమని నీకు తనే మెల్లగా నచ్చజెప్పుకుంటానని నీ శిక్షణలో చేరాడు.”

“మరి దొంగా అని నేను అందరిముందూ అరుస్తుంటే ఒక్కమాట చెప్పలేదేం?”

జుల్మీరా లేచి తలుపు దగ్గరికి వేసింది.

“నాచేత ఒట్టు వేయించుకున్నాడు. దాన్ని తీసి గట్టున పెట్టి చెబుతున్నాను. ‘ఆ టీచరమ్మ తెలియక కొనుంటుంది, దొంగసొత్తు కొన్నదన్న మాట నలుగురిలో ఆమెకి రాకూడదు, ఎవరికీ చెప్పకు’ అన్నాడు.”