జెయింట్ వీల్ టికెట్టు

"బుక్ ఖలాస్, మేడమ్. అబ్ కార్డ్ హై."

పార్కు కౌంటర్‌లో కూర్చున్న మనిషి పాత టికెట్ పుస్తకాన్ని సుసన్న వైపు నెట్టేశాడు.

"ఇందులో ఇంకా టికెట్లున్నాయి కదా?" అంది సుసన్న హిందీలో.

"మాఫీ, లేదిక. చెల్లవు."

"వదిలెయ్ మమ్మీ, అందరూ మనల్నే చూస్తున్నారు," అని కూతురు ప్రవల్లిక చెయ్యి లాగింది. కొత్త కార్డు కొనుక్కుని స్నేహితురాళ్ళతో వెళ్ళిపోయింది.

వచ్చే వారం వాళ్ళు ఖతర్ వదిలి పూర్తిగా వెళ్ళిపోతున్నారు. అల్ సద్ ఫ్లాట్‌లో సామాను సర్దుతుంటే ఆ పుస్తకం దొరికింది. సర్దడం మొదలుపెట్టినప్పటి నుంచీ సుసన్నకు మనసు మొద్దుబారిపోయింది. ఏడుపూ రాదు, సంతోషమూ లేదు. పాత టికెట్లు చింపి ఇస్తే పాత రోజులు కాస్తయినా కదులుతాయని ఆశపడింది.

ఆ పుస్తకాల సరదాయే వేరు. గుర్రాలకో రంగు, కార్లకో రంగు, ఆఖరి కాగితం జెయింట్ వీల్‌ది. వీల్ టికెట్టు అందరికీ ముందే అయిపోయేది. గుర్రాలవి మాత్రం ఇంటికొచ్చాక ఉతికిన చొక్కాల జేబుల్లో ముద్దలై దొరికేవి.

ఈ పుస్తకం మాత్రం వాళ్ళు కొన్నది కాదు.

అప్పుడు ప్రవల్లిక చిన్నపిల్ల. శుక్రవారం ఫ్యామిలీలకే ప్రవేశం. పెళ్ళాం పక్కన లేని ప్రతి మగాడూ ఇక్కడ బ్యాచిలరే, వాడికి ముగ్గురు పిల్లలున్నా సరే. గేటు దగ్గర ఒకతను సుసన్న భర్త రత్నకుమార్‌కి అడ్డం వచ్చాడు.

"అన్నగారూ, తెలుగువాళ్ళలా ఉన్నారు. మీ తమ్ముణ్ణని చెప్పి నన్నూ లోపలికి తీసుకెళ్ళండి. ప్రతి శుక్రవారం వచ్చి తిరిగిపోతున్నానండి."

"ఏ ఊరయ్యా మీది?"

"నిడదవోలు దగ్గరండి."

రత్నకుమార్‌ది కొవ్వూరు. ఆ యాసకు కరిగిపోయాడు.

"తేడా వస్తే నా ఉద్యోగం పోతుంది, చూసుకో మరి," అన్నాడు.

"మీకు మాట రానివ్వనండి."

లోపలికెళ్ళగానే అతను ఒక టికెట్ పుస్తకం కొన్నాడు. జెయింట్ వీల్ టికెట్టు ఒక్కటే చింపుకుని, మిగతాదంతా ప్రవల్లిక చేతిలో పెట్టాడు.

"నాకిదొక్కటి చాలు పాపా."

"ఎంత మంచివాడో!" అని మురిసిపోయింది సుసన్న.

ఆ మురిపెం ఎంతోసేపు నిలవలేదు.

అతను వీల్ దగ్గర నిలబడ్డాడు. వరస ముందుకు జరుగుతున్నా ఎక్కలేదు. వెనకవాళ్ళకు దారి ఇస్తూనే ఉన్నాడు. ఇద్దరు అరబ్బు పిల్లల్ని పట్టుకుని ఒక పనిమనిషి తొట్టిలో ఎక్కింది. చూస్తే తెలుగు మనిషిలానే ఉంది. వెంటనే అతనూ అదే తొట్టిలోకి దూరి ఆమె పక్కన కూర్చున్నాడు.

"ఏమండీ, చూశారా వాడి వేషాలు!" అంది సుసన్న.

వీల్ ఆగాక ఆమె కళ్ళు తుడుచుకుంటూ దిగింది. కింద ఉన్న మేడమ్, ఆ పిల్లల తల్లి, అది చూసి కేకలు పెట్టింది. గార్డు పరుగెత్తుకొచ్చి అతని చొక్కా పట్టుకున్నాడు.

సుసన్న ముందుకెళ్ళింది.

"ఇతను నీకు తెలుసా అమ్మా? భయపడకుండా చెప్పు."

పనిమనిషి తల దించుకుంది. "తెలీదండి."

"నీకు ఈమె తెలుసా?" అని గార్డు అతన్ని అడిగాడు.

"తెలీదు."

గార్డు రత్నకుమార్ వైపు తిరిగాడు. "ఆప్ కా భాయీ హై నా?"

రత్నకుమార్ ముఖం పాలిపోయింది. "నహీ. ఎవరో. గేటు దగ్గర వెంటపడ్డాడు."

అతను రత్నకుమార్ వైపు చూశాడు. గార్డు వెంట వెళ్ళిపోయాడు.

కంపెనీ అతని వీసా క్యాన్సిల్ చేసి ఇంటికి పంపేసిందని తర్వాత ఎవరో చెప్పారు.

"మంచి పనైంది," అంది సుసన్న. "వాడిచ్చిన టికెట్లు మనకొద్దు," అని పుస్తకాన్ని సొరుగులో పడేసింది.

ఇప్పుడు అదే పుస్తకం చేత్తో పట్టుకుని జెయింట్ వీల్ ఎదురుగా బెంచీ మీద కూర్చుంది.

"బాగున్నారాండి?"

పక్కన ఒక ఆడమనిషి నిలబడి ఉంది. కాస్త చిక్కింది గాని, సుసన్న గుర్తుపట్టింది.

"నువ్వు ఆ రోజు..."

"అవునండి. నా పేరు ఆంజనమ్మండి. ఇంకా ఆ ఇంట్లోనే, అల్ హిలాల్‌లో. పిల్లలు వీల్ ఎక్కారు. మేడమ్ నమాజుకెళ్ళింది."

"మేం ఇండియా వెళ్ళిపోతున్నాం. నువ్వెప్పుడు వెళ్తావు?"

"ఎవరున్నారని వెళ్తానండి? పోయినేడు మా ఆయన ఊళ్ళో జ్వరమొచ్చి పోయాడు. మేడమ్ సెలవివ్వలేదు. చూడనేలేదండి."

"అయ్యో," అంది సుసన్న. నోటితోనే అంది. లోపల ఏమీ కదల్లేదు. ఏదో ఒక ఓదార్పు చెప్పాలి కాబట్టి చెప్పింది. "ఇక్కడ మాత్రం మనవాళ్ళం ఉన్నాం కదమ్మా. ఆ రోజు వాడు నీ జోలికొస్తే మేం ఊరుకున్నామా? ఎంత భయపడ్డావో, ఏడుస్తూ దిగావు."

"భయపడలేదండి."

"మరి?"

ఆంజనమ్మ పైకి వెళ్తున్న తొట్టినే చూస్తోంది. గొంతులో కోపం లేదు. ఏడుపూ లేదు.

"దోహాలో నా అన్నవాళ్ళెవరూ ఉండకూడదని చెప్పే పనిలో పెట్టుకుందండి మేడమ్. ఉన్నారని తెలిస్తే ఆ పూటే పంపేసేది. అందుకే తెలీదన్నాను."

"ఎవరు ఉన్నారని?"

"ఈ దేశమొచ్చాక నేను మా ఆయన పక్కన కూర్చున్నది ఆ ఒక్కసారేనండి."